ఆర్యపల్లికి గేటు లేదు

కార్తీక పున్నమి మర్నాడు ఒడిశాలోని గంజాం జిల్లాలో మేకలకూ కోళ్లకూ చెడ్డ రోజు. నెల్లాళ్లు నీచు ముట్టని ఒడియా ఇళ్లలో ఆవేళ ‘ఛాడఖాయి’. మాంసం కొట్ల ముందు తెల్లవారకముందే జనం బారులు తీరతారు. పున్నమితో వాళ్ల కార్తీకం ముగుస్తుంది. మనది అమావాస్య దాకా ఉంటుంది కనుక తెలుగిళ్లలో ఉసిరిచెట్టు కింద పప్పూ పులిహోరల వనభోజనాలు ఇంకా నడుస్తూనే ఉంటాయి. ఈ జిల్లాలోని బరంపురంలో ఈ రెండు పంచాంగాలూ ఒకే వీధిలో కాపురం చేస్తున్నాయి. ఏ పంచాంగం ప్రకారం చూసినా అక్కణ్నుంచి సంక్రాంతి దాటేదాకా భోజనాల సరదాకు అడ్డులేదు. ఆటోల్లో, మినీ వ్యానుల్లో గుండిగలు, గ్యాసు పొయ్యి, సౌండు బాక్సులు ఎక్కించుకుని జనం సముద్రం దారి పడతారు. గోపాలపురంలో కాలు పెట్టే చోటు లేకపోతే ఛత్రపురం మీదుగా ఆర్యపల్లికి తిరుగుతారు.

ఆర్యపల్లి బెస్తల ఊరు. పెద్దదీ చిన్నదీ అని రెండు. ఒడియాలో బొడో ఆర్యపల్లి, సానో ఆర్యపల్లి అంటారు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. ఆ తర్వాత ఆఫీసు కాగితాల భాష మారింది గాని ఈ తీరం పొడవునా వాడబలిజలు, జాలార్ల ఇళ్లలో మాట మారలేదు. ఒడియావాళ్లు వీళ్లను నోళియాలంటారు. చుట్టుపక్కల సరుగుడు తోపులు, మొగలి పొదలు. గంజాం మొగలిపువ్వుకూ దాన్నుంచి తీసే అత్తరుకూ భౌగోళిక గుర్తింపు ఉంది. కాస్త దూరంలో ఇసుక నుంచి ఖనిజాలు తీసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ కర్మాగారం, ఇంకాస్త దిగువన గోపాలపురం రేవు.

ఈ ఒడ్డుకు రావడానికి టికెట్టు లేదు. నలుగురు కుర్రాళ్లు తలా రెండు మూడు వందలు వేసుకుంటే బియ్యం, కోడి, నూనె, బండి కిరాయి సరిపెట్టుకోవచ్చు. ముసలామె చీరతోనే మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి నెత్తిన నాలుగు చుక్కలు జల్లుకుని వచ్చి కూర్చుంటుంది. ఆమె వచ్చినందుకు అదనంగా పైసా ఖర్చుండదు. ఈ ముసలామెను గుర్తుపెట్టుకోండి. వినోదం ఖరీదు లెక్కలన్నీ ఆమె దగ్గరే తేలతాయి.

ఇదే బరంపురంలో ఇప్పుడు ఇంకో లెక్క కూడా నడుస్తోంది. వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లలు ‘వండర్‌లా’ అంటారు. 2024 మేలో ఖుర్దా జిల్లా కుంభార్‌బస్తాలో ఆ వినోద పార్కు తెరుచుకుంది. సుమారు 50 ఎకరాలు, దాదాపు 190 కోట్ల పెట్టుబడి. కొచ్చి, బెంగళూరు, హైదరాబాదుల తర్వాత ఆ సంస్థకు నాలుగో పార్కు. అంతకు ముందు ఇక్కడి పిల్లలకు ఆ స్థాయి సరదా అంటే రాత్రంతా రైల్లో హైదరాబాదు పోవడమే. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ, 1,666 ఎకరాల ఆ వింత, బరంపురం తెలుగు కుటుంబాలకు తిరుపతి తర్వాతి యాత్రాస్థలం అన్నా అతిశయోక్తి కాదు. ఇప్పుడు పదహారో నంబరు జాతీయ రహదారి మీద పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికి చేరవచ్చు. హోటల్ గది ఖర్చు తప్పింది. ఆ మిగిలిన డబ్బు గేటు దగ్గర ఖర్చవుతుంది.

అక్కడ పిల్లల టికెట్టు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపువాళ్లకు ఉచితం. 140 దాటితే పెద్ద టికెట్టే. అంటే ఏపుగా ఎదిగిన ఏడో తరగతి కుర్రాడు తండ్రితో సమానం. (ఎదగమని పాలు పోసిన తల్లే కొలబద్ద దగ్గర వాణ్ని కాస్త వంగమనే రోజులొచ్చాయి.) వారంలో ఒక ధర, శని ఆదివారాల్లో మరో ధర, సెలవుల రద్దీలో ఇంకో ధర. వరసలో నిలబడలేని వాళ్లకు ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు వేరు, దాని ఖరీదూ వేరు. దీనిమీద పన్ను 18 శాతం. 2017 జులైలో జీఎస్‌టీ వచ్చినప్పుడు వినోద పార్కుల మీద 28 శాతం వేశారు; 2018 జనవరిలో 18కి దించారు. బయటి తిండి గేటు దాటనివ్వరు. నీళ్లలోకి దిగాలంటే ఒంటికి అంటుకునే నైలాను బట్టలు కావాలి. లేకపోతే అక్కడే కొనుక్కోవాలి. చీరతో, లుంగీతో నీటి ఆటలు కుదరవు. లాకరుకు డబ్బు, మధ్యాహ్నం భోజనానికి డబ్బు. అయిదుగురు పోతే టికెట్లకే అయిదారు వేలు, దారి ఖర్చూ తిండీ కలిపితే పదివేలకు కాస్త అటూ ఇటూ.

ముసలామె సంగతి ఏమిటి? ఆమె గిర్రున తిరిగే ఏ బండీ ఎక్కదు. నీళ్లలోకి దిగదు. వయసును బట్టి రాయితీ ఇచ్చినా టికెట్టు మాత్రం తప్పదు. అందుకే ఆమె ఇంట్లో ఉండిపోతుంది. ‘నాకెందుకొచ్చిన తిప్పలు, మీరెళ్లి రండి’ అనే మాటలో సగం ఓపిక లేకపోవడమైతే మిగతా సగం టికెట్టు ఖరీదు. తెలుగు కుటుంబం ఊరు కదిలితే మూడు తరాలు కదిలేవి. పార్కులో మాత్రం ఒకటిన్నర తరమే కనిపిస్తుంది: చేతిలో జీతం ఉన్న దంపతులు, వాళ్ల పిల్లలు, కాలేజీ గుంపులు.

డబ్బు ఎక్కడ తీసుకుంటారనేదే ఇక్కడ అసలు ప్రశ్న. గేటు దగ్గరా, ఆట దగ్గరా?

బరంపురానికి సొంత వినోదోత్సవం ఒకటి ఉంది. రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే బూఢీ ఠాకురాణి యాత్ర. అమ్మవారు దేశిబెహరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. రాత్రుళ్లు ఘటాల ఊరేగింపు, పులివేషాలు, పురాణ వేషాలు, వీధి వీధిన బొమ్మల రథాలు. ఒడియా, తెలుగు అనే తేడా లేకుండా ఊరంతా రోడ్డు మీదే. దానికి ఆనుకునే మీనాబజారు, జెయింట్ వీల్, రంగులరాట్నం, మోటారు సైకిళ్ల మృత్యుబావి. 2025లోనూ జరిగింది. అక్కడ ఎవరు ఏది ఎక్కితే దానికే డబ్బు. రిక్షావాడి కూతురు ఒక్క రాట్నం ఎక్కి, పది చూసి, బఠాణీలు తిని ఇంటికి పోవచ్చు. చూడడానికి ఖర్చు లేదు. హైదరాబాదు నుమాయిష్‌దీ దాదాపు ఇదే పద్ధతి. 1938 నుంచి నడుస్తున్న ఆ ఎగ్జిబిషన్‌లో 2025లో ప్రవేశ రుసుము 50 రూపాయలు. లోపల ఏది ఎక్కితే దానికి వేరే చెల్లించాలి.

నిజానికి డిస్నీలాండ్ కూడా మన తిరునాళ్ల లెక్కతోనే మొదలైంది. 1955 జులై 17న కాలిఫోర్నియాలో తెరిచినప్పుడు పెద్దలకు ప్రవేశం ఒక డాలరు. ఆటలకు విడిగా చెల్లించాలి. కొద్ది నెలలకే కూపన్ పుస్తకాలు వచ్చాయి. ఏ, బీ, సీ అని ఆట స్థాయిని బట్టి చీటీలు. అన్నింటికన్నా గొప్ప ఆటకు తర్వాత ‘ఈ’ చీటీ వచ్చింది. 1982లో ఆ పుస్తకాలు పోయి, గేటు దగ్గర ఒకే మొత్తం కట్టించుకోవడం స్థిరపడింది. 1999లో వరస తప్పించే ఫాస్ట్‌పాస్‌ను ఉచితంగానే ఇచ్చారు. 2021లో దానికీ ధర కట్టారు. ఇప్పుడు గేటు దగ్గరా తీసుకుంటారు, ఆట దగ్గరా తీసుకుంటారు. కాలిఫోర్నియాలో రద్దీ రోజు ఒక్క టికెట్టే 200 డాలర్లు దాటింది. ఫ్లోరిడాలో ఆర్లాండో దగ్గరి డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అన్ని వరసలూ దాటించే ప్రీమియర్ పాస్‌కు రద్దీ రోజుల్లో 400 డాలర్ల పైనే పెట్టాలి. అది ప్రవేశ టికెట్టుకు అదనం. డల్లాస్‌లో ఉండే కొడుకు అమ్మానాన్నలను రప్పించుకుని ఆర్లాండో తీసుకెళ్లినప్పుడు, ఆ నాన్న రూపాయల్లోకి మార్చి లెక్క వేయకుండా ఉంటేనే ఆయనకు ఆ రోజు ఆనందం మిగిలేది.

మన దగ్గర కథ అటే పోతోంది. వండర్‌లా పార్కులన్నింటికీ కలిపి 2022-23లో వచ్చినవారు దాదాపు 33 లక్షలు. మరుసటి ఏడాది ఆ సంఖ్య కాస్త తగ్గింది. ఒక్కొక్కరి మీద వచ్చే రాబడి మాత్రం పెరిగింది. వ్యాపారానికి ఇది తప్పుడు లెక్కేం కాదు. నూరు మందిని కిక్కిరిసేలా నింపేకన్నా ఎనభై మంది దగ్గర ఎక్కువ తీసుకోవడమే తేలిక. యంత్రాల భద్రత, ప్రాణరక్షకులు, శుభ్రమైన నీళ్లు ఊరికే రావు కూడా.

పార్కు గోడను తిట్టడం సులువు. కాని ఆడపిల్లలున్న ఇంటివాళ్లను అడగండి. గోడ లోపల తడిబట్టలు మార్చుకోవడానికి గది ఉంటుంది. మరుగుదొడ్డి ఉంటుంది. తాగి వెంటపడే మూక ఉండదు, ఉంటే బయటికి పంపే కాపలా ఉంటుంది. జనవరి ఒకటో తారీఖు మధ్యాహ్నం మన తీరాల్లో ఏ బీచి చూసినా ఈ మూడూ కరువే. ఆ పదివేలలో పెద్ద భాగం ఆటలకు కాదు, ఈ నిశ్చింతకు. కూతురు ఒక పూట ఎవరి చూపూ పట్టించుకోకుండా నవ్వుకోవడానికి ఆ తండ్రి పెట్టిన ఖర్చును దుబారా అనడం నాకు ఇష్టం లేదు.

ఇక ఉచితం సంగతి. ఆర్యపల్లిలో సందర్శకుడు కట్టని డబ్బు ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు. ఇక్కడి ఇసుక బెస్తలకు పని చేసుకునే వాకిలి. తెప్పలు లాగేదీ, వలలు ఆరబెట్టుకునేదీ, కవ్వళ్లూ నెత్తళ్లూ ఎండబెట్టేదీ ఆ ఇసుక మీదే. వచ్చిన కార్లు, వ్యానులు ఆగేదీ అక్కడే. సాయంత్రానికి మిగిలేవి విస్తళ్లు, థర్మోకోల్ గిన్నెలు, సీసా పెంకులు. చెప్పులు లేకుండా వల లాగే మనిషికి సీసా పెంకు అంటే నాలుగు రోజుల పని పోవడం. అల ఒడ్డు మీది ప్లాస్టిక్‌ను లోపలికి లాక్కుపోయి మళ్లీ వలలోకే తెచ్చిపెడుతుంది.

ఒడ్డుకు టికెట్టు పెడితే ఇవన్నీ పోతాయా? మన దగ్గరే అది చూశాం. విశాఖ రుషికొండకు 2020లో, శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2023 జులైలో మనిషికి 20 రూపాయల ప్రవేశ రుసుము అన్నారు. సముద్రం చూడడానికి డబ్బేమిటని జనం మండిపడ్డారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పూరీలో 2020లోనే బ్లూ ఫ్లాగ్ పొందిన గోల్డెన్ బీచిలో మాత్రం చిన్న టికెట్టు ఉంది. అక్కడ స్నానపు గదులున్నాయి, కాపలా ఉంది. జనం కట్టి లోపలికి పోతున్నారు. ఇరవై రూపాయలు ఎవరినీ దివాలా తీయించవు. అయినా జనం కోపంలో న్యాయం ఉంది. గేటు ఒకసారి పెట్టాక అది ఇరవై దగ్గర ఆగిన చోటు నేనింతవరకు చూడలేదు. అదీగాక బెస్తల ఊళ్లో గేటు పెడితే దానికి ఏ పక్కన ఎవరు ఉండాలి? తెప్ప వేసుకునేవాడు తన ఒడ్డుకు పాసు చూపించాలా?

దగ్గరలోనే ఇంకో తూకం ఉంది. రుషికుల్య సాగరసంగమం దగ్గర దాదాపు ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 2025లో ఆరు లక్షలు దాటి వచ్చాయి. వాటి కోసం నవంబరు నుంచి మే దాకా ఆ తీరంలో 20 కిలోమీటర్ల లోపు చేపల వేటకు నిషేధం. అంటే పిక్నిక్ రద్దీ ఉండే నెలలే బెస్తలకు వేట తగ్గే నెలలు. ఊరికి రాబడి కావలసిన కాలంలోనే ఊరి ముందు వేలమంది వచ్చి వండుకు తిని పోతున్నారు. వాళ్ల డబ్బు బరంపురం మాంసం కొట్టులో, డీజే వాడి దగ్గర, పెట్రోలు బంకులో ఖర్చయింది. ఆర్యపల్లికి చెత్త దక్కింది.

కాబట్టి మనిషికి టికెట్టు వద్దు, బండికి పెట్టాలి. ఊరికి ఇవతలే కార్లూ వ్యానులూ ఆపించి, పార్కింగు రుసుము ఊరి కమిటీ వసూలు చేసి, ఆ డబ్బుతో రెండు వరసల మరుగుదొడ్లు, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదులు, చెత్త ఎత్తే ఇద్దరు ముగ్గురికి జీతం ఏర్పాటు చేయవచ్చు. ఎండుచేపల నేలను విడిచి సరుగుడు తోపు పక్కన వంటలకు చోటు గీయవచ్చు. కాలినడకన, సైకిలు మీద, బస్సు దిగి వచ్చిన ముసలామె ఎప్పటిలాగే ఉచితంగా వస్తుంది. తిరునాళ్ల పద్ధతి ఇదే: చూడడానికి డబ్బు అడగరు, వాడుకున్నదానికి అడుగుతారు. పార్కుల నుంచి మనం నేర్చుకోవలసింది గోడ కట్టడం కాదు, మరుగుదొడ్డి కడగడం.

అదంతా జరిగేలోపు వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. కూర వండుకునే చేపలు బరంపురం నుంచి మోసుకురాకండి; పొద్దున తెప్పలు ఒడ్డుకు చేరే వేళకు వెళ్లి అక్కడి ఆడవాళ్ల దగ్గరే కొనండి, బేరం మరీ గీచి ఆడకండి. ఈ ఒడ్డు నిలువుగా దిగుతుంది, అల వెనక్కి లాగే పోటు గట్టిది, ప్రాణరక్షకులను నమ్ముకుని దిగే చోటు కాదు. పిల్లల్ని మోకాళ్ల లోతు దాటనివ్వకండి. తెచ్చుకున్న సీసాలు, గిన్నెలు, విస్తళ్లు గోనెసంచిలో కట్టి వచ్చిన బండిలోనే తిరిగి తీసుకుపోండి.