బిళ్ళ పాతదేనా? పుస్తకాన్ని అడుగుదాం

ఎవరో ఒకాయన సంతలో రాగి బిళ్ళ తీసి చూపిస్తాడు. ఒక పక్క సీతారాములు, హనుమంతుడు. రెండో పక్క ఇంగ్లీషులో "ఈస్టిండియా కంపెనీ, అర్ధణా, 1818" అని ఉంటుంది.

"ఇది రెండు వందల ఏళ్ళ నాటిది. బియ్యం గింజల్ని లాగుతుంది. లక్షలు పలుకుతుంది" అంటాడు.

ఇలాంటి మాటలు నమ్మి, అప్పు చేసి కొని మోసపోయినవాళ్ళు ఉన్నారు. మరి నిజం తెలిసేదెలా?

పంచాంగం చూసి తిథి తెలుసుకుంటాం కదా! అలాగే నాణేలకీ పుస్తకాలున్నాయి. వాటిని కేటలాగులు అంటారు. ఏ నాణెం ఏ ఏడు వేశారు, ఏ లోహం, ఎంత బరువు అన్నీ బొమ్మతో సహా అందులో ఉంటాయి.

మన సంగతే చూద్దాం. కృష్ణా జిల్లా పూర్వం ఉత్తర సర్కారుల్లో ఉండేది. ఈ సర్కారుల కోసం కంపెనీవారు 1794లో, 1797లో రాగి నాణేలు వేయించారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో యంత్రాల మీద అచ్చు వేశారు. ఒక పక్క కంపెనీ సరుకు మూటల మీద వేసే గుర్తు. రెండో పక్క కంపెనీ ముద్ర. "ఒక రూపాయికి 48" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. దేవుడి బొమ్మ లేదు. రాగి నాణేన్ని అప్పట్లో "డబ్బు" అనేవారు. ఆ మాటే ఇవాళ సొమ్ముకంతటికీ పేరైంది.

మరి రాముడి బిళ్ళ ఏమిటి? 1818లో కంపెనీ అలాంటి నాణెం వెయ్యలేదు. అది తర్వాతి కాలంలో ఎవరో చేసిన బిళ్ళ. పూజలో పెట్టుకునే రామటంకాలు మాత్రం పూర్వంనుంచీ ఉన్నాయి. అవి భక్తికోసం చేసినవి, బజార్లో చెల్లే డబ్బు కాదు. వీటికీ పుస్తకాలున్నాయి. ఇర్విన్ బ్రాట్‌మన్ 1970లో ఒకటి, మైకేల్ మిచినర్ 1998లో ఒకటి రాశారు. ఇక రాగి అయినా, ఇత్తడి అయినా బియ్యాన్ని లాగదు.

ఈ పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. అయినా జంకవద్దు. బొమ్మని బొమ్మతో పోల్చవచ్చు. ఏడు అంకెలు మీరే చదవగలరు. మిగతాది గ్రంథాలయంలోనో, బడి పంతులు గారినో అడగండి. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో అసలైన పాత నాణేలు చూడవచ్చు.

పొలంలో పాత నాణేలు దొరికితే దాచవద్దు, కరిగించవద్దు. 10 రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

గుర్తుంచుకోండి: ముందు పుస్తకం చూడాలి. ఆ తర్వాతే సంచీ విప్పాలి.

ఆలోచించండి
1. సర్కారుల రాగి నాణేలు ఎన్నయితే ఒక రూపాయి?
2. రాముడి బిళ్ళ కంపెనీ నాణెం కాదని ఎలా చెప్పగలం?