గడ్డి కోసే బండికి దగ్గొచ్చింది!

అమెరికాలో ఇల్లు కొన్న ప్రతి ఐటీవాడికీ కోడింగ్‌తో పాటు ఇంకో ఉద్యోగం కూడా వస్తుంది. జీతం ఉండదు, సెలవులుండవు, వానలు పడేకొద్దీ పని పెరుగుతుంది. అదే గడ్డి కోయడం!

మాది నార్త్ కరోలినా, షార్లెట్ ఊరికి కాస్త దూరం. ఈ ఫిబ్రవరిలో కొన్న ఇంటి చుట్టూ ముప్పావు ఎకరం ఖాళీ స్థలం ఉంది. మన లెక్కలో 75 సెంట్లు. వీడియో కాల్‌లో చూసి మా నాయనమ్మ ‘‘అంత పచ్చిక కోసి పారేస్తారా? ఓ గేదెను కట్టేయొచ్చుగా’’ అంది. లాజిక్ కరెక్టే కానీ, గేదెను కడితే ఇక్కడి కాలనీ సంఘం నన్ను కట్టేస్తుంది. హెచ్‌ఓఏ అంటారు దీన్ని. గడ్డి ఎత్తు మీద వాళ్లకున్న శ్రద్ధ అంతా ఇంతా కాదు. మా వైపు పెరిగే ఫెస్క్యూ గడ్డేమో మార్చి, ఏప్రిల్‌లో పిచ్చిగా ఎదుగుతుంది. పది రోజుల్లో కోయకపోతే జరిమానా అని నాకూ లెటర్ వచ్చింది.

కోద్దామంటే బండి సహకరించాలిగా!

పాత ఓనరు షెడ్డులో వదిలేసి వెళ్లిన లాన్ మోవర్ అది. చిన్న ట్రాక్టర్‌లా ఎక్కి కూర్చుని నడిపే రకం. 22 హార్స్‌పవర్, రెండు సిలిండర్ల ఇంజిన్. స్టార్టయితే అవుతోంది కానీ, ‘ఊఁ... ఊఁఊఁఊఁ... ఊఁ’ అంటూ ఉయ్యాల ఊగినట్టు స్పీడు పెరుగుతూ తగ్గుతూ ఉంది. కింద బ్లేడ్లు ఆన్ చేస్తే పది అడుగులు పోయి ఆగిపోతోంది. మన మెకానిక్ షెడ్డు భాషలో చెప్పాలంటే ‘మిస్సింగ్’ కొడుతోంది. రిపేరు షాపుకి ఫోన్ చేస్తే సీజన్ కదా, మూడు వారాలన్నారు. బయటివాళ్లతో కోయిద్దామంటే ఒక్క కోతకు 90 డాలర్లు. ఇంటి ఈఎంఐ మొదలై రెండో నెల, మా టీమ్‌లో అప్పుడే ఇద్దర్ని తీసేశారు. ఇలాంటప్పుడు ప్రతి డాలర్నీ రూపాయల్లోకి మార్చి చూసుకునే పాత అలవాటు మళ్లీ వచ్చేస్తుంది. సరే, మనమే చూద్దాం అనుకున్నా.

చోక్ చెప్పే సంగతి

ఎవర్నడిగినా ఒకటే మాట, ‘కార్బొరేటర్ మార్చెయ్’. నాకు నచ్చని పద్ధతి ఇది. సర్వర్ స్లోగా ఉందంటే లాగ్స్ చూడకుండా కొత్త సర్వర్ కొనమన్నట్టు! అందుకే మా బాబాయ్‌కి ఫోన్ చేశా. తెనాలిలో పాతికేళ్లుగా టూవీలర్ మెకానిక్ ఆయన. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ పొద్దున్న ఏడు. ఇంజిన్ చప్పుడు వీడియో తీసి పంపితే రెండుసార్లు విని అడిగాడు.

‘‘ఏరా, చోక్ లాగి చూశావా?’’

‘‘చూశా బాబాయ్. సగం లాగితే సర్దుకుంటోంది.’’

‘‘అయితే పెట్రోలు అందట్లేదు. కార్బొరేటర్ విప్పేముందు టాంకు మూత వదులు చేసి చూడు. ముందు చవక పనులు.’’

ఈ చోక్ పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే పైసా ఖర్చు లేకుండా సగం జవాబు ఇచ్చేస్తుంది. చోక్ లాగితే ఇంజిన్‌కి వెళ్లే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. అలా చేస్తే ఇంజిన్ బాగుపడిందంటే, అసలు సమస్య పెట్రోలు తక్కువ కావడమో, ఎక్కడి నుంచో అదనపు గాలి దూరడమో అయ్యుండాలి. చోక్ లాగగానే ఇంకా మొరాయించి నల్లపొగ వదిలిందంటే సమస్య దానికి రివర్సు. అప్పుడు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. చూశారా, ఒక్క లివర్ లాగితే అనుమానితుల లిస్టు సగానికి పడిపోయింది.

మరి ఆ ఉయ్యాల ఊగడం ఏంటి? దానికి కారణం గవర్నర్. లోక్‌భవన్‌లో ఉండే ఆయన కాదు! బైకు మీద థ్రాటిల్ తిప్పేది మన చెయ్యి. మోవర్‌లో ఆ పని చేసేది గవర్నర్ అనే ఏర్పాటు. ఒక స్ప్రింగ్ థ్రాటిల్‌ని తెరవాలని లాగుతుంటుంది. ఇంజిన్ లోపల తిరిగే చిన్న బరువులు, స్పీడు పెరిగేకొద్దీ బయటికి విచ్చుకుని థ్రాటిల్‌ని మూయాలని చూస్తాయి. ఈ రెండింటి మధ్య టగ్ ఆఫ్ వార్ వల్లే గడ్డి మందంగా ఉన్నా పల్చగా ఉన్నా స్పీడు ఒకేలా, సాధారణంగా నిమిషానికి 3,600 చుట్లు దాటకుండా ఉంటుంది. పెట్రోలు సరిగ్గా అందకపోతే స్పీడు పడిపోతుంది. గవర్నర్ కంగారుపడి థ్రాటిల్ బార్లా తెరుస్తుంది. కాస్త ఆలస్యంగా పెట్రోలు వచ్చి పడుతుంది, స్పీడు ఎగుస్తుంది. అమ్మో ఎక్కువైందని మళ్లీ మూసేస్తుంది. బీటెక్‌లో కంట్రోల్ సిస్టమ్స్ పేపర్లో గీసిన ఆ పైకీ కిందికీ ఊగే గ్రాఫ్ ఇదే. పరీక్ష కోసం బట్టీ పట్టినప్పుడు అది ఇలా చెవికి వినిపిస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఇది తెలియక చాలామంది గవర్నర్ స్ప్రింగ్‌నే బిగించేస్తారు. అది వద్దు. ఆ స్ప్రింగు కబురు మోసేది మాత్రమే, దాన్ని కొట్టి లాభం లేదు. పైగా స్పీడు హద్దు దాటితే లోపల కనెక్టింగ్ రాడ్ విరిగే ప్రమాదముంది.

శీతాకాలపు పెట్రోలు

మూత వదులు చేసినా తేడా లేదు. అంటే మూతకుండే గాలి రంధ్రం బాగానే ఉంది. తర్వాత టాంకులోంచి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీశా. ఈ పనులన్నీ ఇంజిన్ చల్లారాక, తాళం తీసేసి, ప్లగ్ వైర్లు ఊడదీసి, ఆరుబయటే చేయాలి. ఇక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది. దాని మంట పక్కన పెట్రోలు ఒంపడం కంటే జరిమానా కట్టడం నయం.

సీసాలో పెట్రోలు ముదురు రంగులో, వార్నిష్ వాసనతో ఉంది. అడుగున నీటి చారొకటి. అమెరికా బంకుల్లో మామూలుగా దొరికేది 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ నీళ్లు విడిపోయి అడుక్కి చేరతాయి. పెట్రోల్లో తేలికగా ఆవిరయ్యే భాగం పోయి జిగురు మిగులుతుంది. ఈ బండి చలికాలమంతా నిండు టాంకుతో షెడ్డులో నిద్రపోయింది మరి.

పాత పెట్రోలంతా డబ్బాలోకి తీసేశా. దాన్ని కాలువలో పోయకూడదు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కౌంటీ సెంటర్లో అప్పగించాలి. ఫిల్టర్ కొత్తది వేసి, అప్పుడు కార్బొరేటర్ విప్పా. విప్పేముందు ప్రతి స్ప్రింగుకీ, లింకుకీ ఫొటోలు తీసుకున్నా. కోడ్ ముట్టుకునేముందు కమిట్ చేసినట్టన్నమాట. గిన్నె అడుగున తెల్లటి పొడి, గోధుమరంగు జిగురు. జెట్‌ని వెలుతురుకి ఎత్తి చూస్తే గుండ్రంగా కనిపించాల్సిన రంధ్రం నెలవంకలా ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని క్లీనర్ స్ప్రే కొట్టి, మెత్తటి రాగి పోగుతో శుభ్రం చేశా. సూది, డ్రిల్ బిట్ లాంటివి పెట్టకండి. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా కొలత తప్పుతుంది.

బిగించి స్టార్ట్ చేస్తే ఉయ్యాల ఆగిపోయింది! కానీ బ్లేడ్లు ఆన్ చేయగానే ఇంజిన్ వణికిపోయి, సైలెన్సర్లోంచి ‘టప్ టప్’మని పేలుతోంది. పచ్చి పెట్రోలు వాసన కూడా.

రెండో దొంగ

సరిగ్గా ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ‘క్లీన్ చేసినా పోలేదు కాబట్టి కార్బొరేటర్ పోయింది’ అని కొత్తది కొనేస్తారు. కానీ గమనించండి, జబ్బు తగ్గకపోయినా లక్షణం మారింది. ఊగడం పోయింది, వణుకు మిగిలింది. అంటే మొదటి పని ఫలించింది. దాని చాటున దాక్కున్న రెండోది ఇప్పుడు బయటపడింది. సాఫ్ట్‌వేర్లో ఇది రోజూ చూసేదే. ఒక బగ్ తీస్తే దాని వెనక ఇంకోటి చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది.

‘‘రెండు సిలిండర్లంటే రెండు బళ్లనుకో’’ అన్నాడు బాబాయ్. ‘‘ఏది లాగుతోందో, ఏది కూర్చుందో చూడు.’’

దోసె పెనం వేడి చూడ్డానికి కొన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఇంట్లో ఉంది. చల్లటి ఇంజిన్‌ని ఒక్క నిమిషం నడిపి, రెండు సైలెన్సర్ గొట్టాల మొదట్లో గురిపెట్టా. కుడివైపు 200 డిగ్రీల సెల్సియస్ దాటింది. ఎడమవైపు 70 దగ్గరే ఉంది. దొంగ దొరికాడు! ఒక సిలిండర్ మండట్లేదు. పెట్రోలు లోపలికెళ్లి కాలకుండానే బయటికొచ్చి, వేడి సైలెన్సర్లో పేలుతోంది.

రెండు ప్లగ్గులూ అటుదిటు మార్చా. ప్లగ్గుదే తప్పయితే సమస్య కుడివైపుకి వెళ్లాలి. వెళ్లలేదు. ఎనిమిది డాలర్ల స్పార్క్ టెస్టర్ పెడితే ఎడమవైపు వెలుగే లేదు. స్పార్కే లేనప్పుడు వాల్వులు, కంప్రెషన్ జోలికి అప్పుడే పోనక్కర్లేదు.

ఈ ఇంజిన్లలో స్పార్క్‌కి బ్యాటరీ అవసరం లేదు. ఫ్లైవీల్ మీదున్న అయస్కాంతం తిరుగుతూ కాయిల్ పక్క నుంచి పోయినప్పుడు కరెంటు పుడుతుంది. మరి తాళం తిప్పితే ఇంజిన్ ఎలా ఆగుతుంది? కాయిల్ నుంచి వచ్చే సన్నటి తీగను ఇంజిన్ ఇనుముకి కలిపేస్తుంది, అంటే ఎర్త్ చేస్తుంది. స్పార్క్ చచ్చిపోతుంది. కాబట్టి ఆ తీగ ఎక్కడైనా ఒరుసుకుపోయి లోహానికి తగిలితే, ఆ సిలిండర్‌ని ఎప్పుడూ తాళం తిప్పి ఆపినట్టే.

పైన రేకు కవరు విప్పా. లోపల ఎండుగడ్డి, దూది పోగులతో ఓ ఎలుక చక్కగా కాపురం పెట్టేసింది! ఎడమ కాయిల్ తీగ మీద ప్లాస్టిక్ కొరికేసి ఉంది, రాగి బయటపడి ఇంజిన్‌ని తాకుతోంది. తీగ ఊడదీసి స్టార్టర్ తిప్పితే టెస్టర్లో వెలుగు టపటపా కొట్టింది. కాయిల్ బాగానే ఉంది!

కుడివైపు ఎందుకు ఆగలేదంటారా? రెండు కాయిళ్ల తీగలూ ఒకచోట కలుస్తాయి, కానీ ఒక్కోదానికీ మధ్యలో ఒక డయోడ్ ఉంటుంది. కరెంటుని ఒకవైపే పోనిస్తుంది కాబట్టి ఎడమ తీగ కష్టం కుడిదాని దాకా పోలేదు. ఫస్టియర్ ల్యాబులో ఐదు మార్కులకు గీసిన బొమ్మ అది.

కొత్త తీగ ముక్క అతికించి, పైన స్లీవ్ వేసి, పదునైన అంచులకు తగలకుండా కట్టా. మొత్తం ఖర్చు 35 డాలర్లు. అసలు లాభం ఇంకోటి. ఇది గాలితో చల్లబడే ఇంజిన్. ఆ గూడు గాలి దారిని మూసేసింది. వట్టి కార్బొరేటర్ మార్చి వేసవిలో గంటసేపు నడిపుంటే ఇంజినే వేడెక్కి పోయేది. కొత్త ఇంజిన్ ధర ఈ పాత బండి కంటే ఎక్కువ.

ఒక జాగ్రత్త. అమెరికాలో ఎలుకల గూళ్లను బ్లోయర్‌తో ఊదేయకండి, పొడి చీపురుతో ఊడ్వకండి. ఆ దుమ్ముతో హంటా వైరస్ సోకే ప్రమాదముంది. గ్లవ్స్ వేసుకుని, క్రిమిసంహారక ద్రావణంతో బాగా తడిపి, కాసేపు ఆగాక తీయాలి. అలాగే సీటు కింద ఉండే సేఫ్టీ స్విచ్ వదులైనా గతుకుల్లో ఇంజిన్ ఇలాగే దగ్గుతుంది. అప్పుడు స్విచ్ మార్చండి. వైరు కలిపేసి బైపాస్ చేస్తే, మీరు దిగినా కింద బ్లేడ్లు తిరుగుతూనే ఉంటాయి.

మోవర్ గోల మాకెందుకంటారా? మన బైకుల్లో 2020 ఏప్రిల్లో బీఎస్6 రూల్స్ వచ్చేదాకా ఎక్కువగా ఉన్నది ఇలాంటి కార్బొరేటర్లే. ఇప్పుడు మన బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. నాన్నగారి పాత బైకు రెండు నెలలు మూలన పడి, ఇప్పుడు చోక్ లాగితే తప్ప నడవట్లేదా? కార్బొరేటర్ గిన్నె అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు దాన్ని వదులు చేసి, చిన్న సీసా పట్టి, ఏం కారుతుందో చూడండి.