తాళం గుర్తు చూస్తే చాలదు - అది ఏ తాళమో చూసుకోవాలి

విత్తనం సంచి కొనేటప్పుడు సంచి మీద బొమ్మ చూసి ఊరుకోం. ట్యాగు తిప్పి లాటు నెంబరు, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ చూస్తాం. గడువు దాటితే ఎంత మంచి రకమైనా వద్దంటాం. ఇప్పుడు పెట్టుబడి సాయానికి, పంటల బీమాకు, బ్యాంకు పనికి ఆధార్ నెంబరు, ఖాతా నెంబరు వెబ్‌సైట్లో కొట్టాల్సి వస్తోంది. ఆ నెంబర్లు వెళ్లే దారికి కూడా అలాంటి ట్యాగు ఒకటి ఉంది. దాన్ని ఎలా చూసుకోవాలో తెలుసుకుందాం.

అసలు ఏమిటిది?

మీరు కొట్టిన నెంబరు నేరుగా బ్యాంకుకు పోదు. మధ్యలో ఎన్నో యంత్రాలు దాటాలి. పోస్టుకార్డు మీద రాసినట్లు పంపితే దారిలో ఎవరైనా చదివేస్తారు. అందుకే దాన్ని అర్థంకాని గుర్తులుగా మార్చి పంపుతారు. వాటిని విప్పే తాళంచెవి ఈ కొసన మీ యంత్రం దగ్గర, ఆ కొసన వెబ్‌సైటు కంప్యూటరు దగ్గర మాత్రమే ఉంటుంది. ఈ పద్ధతి పేరు టి.ఎల్.ఎస్. వెబ్‌సైటు అడ్రసు 'హెచ్.టి.టి.పి.ఎస్.' అని మొదలైతే ఈ తాళం వేసినట్లు. చివరి 'ఎస్' లేకపోతే తాళం లేనట్లే. అక్కడ ఏ నెంబరూ కొట్టరాదు.

వంగడాల్లాగే వెర్షన్లు

ఏళ్లు గడిచేకొద్దీ పాత వంగడం తెగుళ్లకు లొంగిపోతుంది, కొత్తది వేస్తాం. ఈ తాళాల సంగతీ అంతే. మొదట 1995లో ఎస్.ఎస్.ఎల్. 2.0, మరుసటి ఏడు 3.0 వచ్చాయి. 3.0ని ఛేదించే మార్గం ఉందని 2014లో బయటపడింది. టి.ఎల్.ఎస్. 1.0 వచ్చింది 1999లో, 1.1 వచ్చింది 2006లో. ఈ రెండూ వాడవద్దని ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే సంస్థ 2021 మార్చిలో తేల్చిచెప్పింది. 2008లో వచ్చిన 1.2, 2018లో వచ్చిన 1.3 మాత్రమే ఇప్పుడు వాడదగినవి. రెంటిలో 1.3 మేలు. తాళం వేసే ముందు జరిగే మాటామంతీ అందులో తక్కువ కాబట్టి పని కూడా త్వరగా అవుతుంది.

ఏ వెర్షన్ వాడాలో రెండు వైపులా కలిసి తేల్చుకుంటాయి. మీ యంత్రం తనకు వచ్చిన వెర్షన్లు చెబుతుంది. అవతలిది వాటిలో తనకూ వచ్చిన కొత్తదాన్ని ఎంచుకుంటుంది. కాబట్టి వెబ్‌సైటు ఎంత కొత్తదైనా మీ యంత్రం పాతదైతే పాత తాళమే పడుతుంది, లేదా అసలు పేజీయే తెరుచుకోదు.

చూసే పద్ధతి

ఇది ఫోన్లో కన్నా కంప్యూటర్లో సులువు.

1. ఫైర్‌ఫాక్స్ అయితే: వెబ్‌సైటు తెరిచి కంట్రోల్, ఐ మీటలు కలిపి నొక్కాలి. చిన్న కిటికీ వస్తుంది. అందులో 'సెక్యూరిటీ' నొక్కితే 'టెక్నికల్ డీటెయిల్స్' కింద టి.ఎల్.ఎస్. 1.2 అనో, 1.3 అనో రాసి ఉంటుంది.

2. క్రోమ్ అయితే: ఎఫ్ 12 మీట నొక్కాలి. వచ్చిన పట్టీలో 'సెక్యూరిటీ' అన్న మాట వెతకాలి. కనబడకపోతే పట్టీ చివరి బాణాల గుర్తు నొక్కితే దొరుకుతుంది. 'కనెక్షన్' అన్నచోట వెర్షన్ ఉంటుంది.

ఫోను పాతదైతే

సెట్టింగుల్లో 'అబౌట్ ఫోన్' తెరిస్తే ఆండ్రాయిడ్ ఎన్నోదో తెలుస్తుంది. 1.2 వెర్షన్ ఆండ్రాయిడ్ 5 నుంచి, 1.3 వెర్షన్ ఆండ్రాయిడ్ 10 నుంచి దానంతటదే పనిచేస్తాయి. అంతకన్నా పాత ఫోన్లో బ్యాంకు పేజీ తెరుచుకోకపోతే సిగ్నలు లేదని టవరును తిట్టి లాభం లేదు. ముందు ఫోనులో తేదీ సరిగా ఉందో లేదో చూడండి. తేదీ తప్పినా పేజీ రాదు. తర్వాత బ్రౌజరును అప్‌డేట్ చేసుకోండి.

తాళం ఉంటే నమ్మొచ్చా?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. తాళం చెప్పేది దారి భద్రంగా ఉందని మాత్రమే. దారి చివర ఉన్నవాడు మంచివాడని చెప్పదు. దొంగ కూడా తన ఇంటికి గట్టి తాళమే వేసుకుంటాడు కదా! నకిలీ వెబ్‌సైటుకు 1.3 తాళం తెచ్చుకోవడం కష్టమేం కాదు, ఖర్చూ లేదు. తాళం గుర్తు చూసి జనం వెబ్‌సైటునే నమ్మేస్తున్నారని గూగుల్ 2023లో క్రోమ్ కంప్యూటరు వెర్షన్ నుంచి ఆ బొమ్మనే తీసేసింది.

సోలార్ పంపుసెట్ల పథకం పీఎం కుసుమ్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు రైతుల దగ్గర రిజిస్ట్రేషను సొమ్ము వసూలు చేస్తున్నాయని కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2019 నుంచి పలుమార్లు హెచ్చరించింది. అలాంటిచోట సొమ్ము కడితే తాళం ఏ వెర్షనైనా ఒరిగేదేం లేదు. మీ సొమ్ము భద్రంగా దొంగకే చేరుతుంది.

గుర్తుంచుకోవాల్సినవి

* ముందు అడ్రసు అక్షరం అక్షరం చదవాలి. ప్రభుత్వ వెబ్‌సైట్ల అడ్రసు ఎక్కువగా 'జి.ఓ.వి. డాట్ ఇన్' లేదా 'ఎన్.ఐ.సి. డాట్ ఇన్'తో ముగుస్తుంది. తర్వాతే తాళం వెర్షన్ చూడాలి.

* 'కనెక్షన్ సురక్షితం కాదు' అని హెచ్చరిక వస్తే, 'ఏం ఫర్వాలేదు' అని ముందుకు నొక్కరాదు.

* నెట్ సెంటర్లో దారికి తాళం ఉన్నా ఆ కంప్యూటరు మీది కాదు. పాస్‌వర్డు దాచమంటారా అని అడిగితే వద్దనాలి. పని అయ్యాక లాగౌట్ చేసే లేవాలి.

* సొమ్ము పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.