ఇంటి క్రింది గొట్టములను పరీక్షించుట

మా పాఠశాలలో చదివి, ఉద్యోగార్థము అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోయిన పూర్వ విద్యార్థి యొకడు సెలవులకు వచ్చినపుడు మాతో నొక సంగతి చెప్పెను. అతడచ్చట నొక యిల్లు కొనదలచెను. గోడలకు క్రొత్త రంగు, గదులలో నున్నని పలకల నేల. ఎక్కడను మరక లేదు. బేరము కుదురుటకు ముందు వచ్చిన గృహపరీక్షకుడు గదులన్నియు చూచి, పిమ్మట ఒడలెల్ల గప్పు దుస్తులు తొడిగికొని, ఒక చిన్న తలుపు తెరచి, ఇంటి క్రిందికి పాకుచు పోయెను. అరగంటకు బయటికి వచ్చి, స్నానపు గది క్రింద రెండు పట్టెలు వ్రేలితో నొక్కిన లోపలికి దిగునంతగా కుళ్ళియున్నవని చెప్పెను. మా విద్యార్థి పదియేండ్లు కూడబెట్టిన సొమ్మంతయు ఆ యింటికై వెచ్చింపనుండెను. ఆ యరగంట అతనిని కాపాడెను.

మన విద్యార్థుల కుటుంబములలో ననేకులకు నేడు ఆ దేశమున బంధువులున్నారు. కావున నిట్టి పరీక్ష యెట్లు జరుగునో, అందుండి మనము నేర్చుకొనదగిన దేమో తెలుపుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మన ప్రాంతమున ఇల్లు కట్టునపుడు పునాదుల నడుమ మన్నో యిసుకయో నింపి, దిమ్మిసతో గట్టిపరచి, పైని గచ్చు చేయుదుము, లేదా బండలు పరతుము. అమెరికాలో అనేక గృహములు కొయ్యతో కట్టబడును. వానిలో కొన్నిటికి పునాది గోడలమీద దూలములు, దూలములమీద పట్టెలు, పట్టెలమీద పలకలు వేయుదురు. భూమికిని పట్టెలకును నడుమ ఖాళీ విడువబడును. అందు మనుష్యుడు నిలువజాలడు, పాకవలసినదే. అందుచేత దానికి 'క్రాల్ స్పేస్', అనగా పాకుడు చోటు, అని పేరు. ఆ దేశమున విరివిగా ననుసరింపబడు నిర్మాణ నిబంధనల ప్రకారము భూమికిని పట్టెలకును 18 అంగుళములకన్న తక్కువ యెడమున్నచో సామాన్యమైన కొయ్యను వాడరాదు. చెడకుండునట్టి కొయ్యనే వాడవలెను. లోనికి దిగు ద్వారము గది నేలలో నున్నచో, అది 18 అంగుళముల వెడల్పునకును 24 అంగుళముల పొడవునకును తగ్గరాదు. ఇంటి నీటి గొట్టములలో పెక్కులు ఈ చీకటి చోటనే పోవుచుండును.

ఆ గొట్టములు రెండు విధములు. మొదటివి మంచినీటిని తెచ్చునవి. వీనిలో నీరెల్లపుడును ఒత్తిడితో నిండియుండును గనుక, చిల్లి పడినచో రాత్రింబగళ్ళు కారుచునే యుండును. రెండవవి వాడిన నీటిని బయటికి పంపునవి. ఇవి నీరు పోసినపుడు తప్ప ఖాళీగా నుండును. అందుచేత ఎవరును కాపురములేని యింటిలో మురుగు గొట్టము పగిలియున్నను దాని క్రింద నేల పొడిగానే కనబడవచ్చును. నేర్పుగల పరీక్షకుడు దీని నెరిగి, క్రిందికి దిగుటకు ముందు స్నానపు తొట్టిని నింపి ఒక్కమారుగా విడుచును, కుళాయిలన్నియు త్రిప్పును, మరుగుదొడ్డిలో పలుమారులు నీరు వదలును. పిమ్మటనే దీపము చేతబట్టి లోనికి పోవును.

లోన చూడవలసిన గురుతులు పెక్కులు గలవు. తుత్తునాగపు పూతగల పాత ఇనుప గొట్టములు మరచుట్ల అతుకులయొద్ద త్రుప్పు పట్టును. రాగి గొట్టములకు పచ్చని చిలుము పట్టును. నీరు మెల్లమెల్లగా నూరి యారిపోయిన చోట ఉప్పువలె తెల్లని పొర మిగులును. పట్టెల మీద నల్లని మరకలు, పట్టెల నడుమ కూర్చిన గాజుదూది తడిసి వ్రేలాడుట, ముక్క వాసన, ఇవియు సాక్ష్యములే. భూమినుండి చెమ్మ పైకి రాకుండ నేలపై ప్లాస్టిక్ పరచియుందురు. నీరు ఆ ప్లాస్టిక్ మీద నిలిచియున్నచో పైనుండి పడినదని సామాన్యముగా నూహింపవచ్చును. దాని క్రింద నున్నచో భూమినుండి వచ్చినదని తలపవలెను.

ఇచ్చట రెండు పొరపాట్లు సులభముగా దొరలును. నీటిబొట్టు పడిన చోటనే చిల్లి యున్నదనుకొనుట మొదటిది. నీరు గొట్టము వెంబడియో పట్టె వెంబడియో కొంతదూరము ప్రాకి యెచ్చటనో రాలును. కావున తడి జాడను పట్టుకొని పైకి పోవలెను. గొట్టముపై కనబడిన ప్రతి బొట్టును కారుదలయే యనుకొనుట రెండవది. వేసవిలో తేమగల వేడిగాలి చల్లని గొట్టమునకు తగిలి, చల్లని చెంబునకు వలెనే దానికిని చెమ్మ పట్టించును. గుడ్డతో తుడిచి, కొంత తడవు కనిపెట్టినచో భేదము తెలియును. చెమ్మ గొట్టము పొడవునను అలముకొనును. కారుదల యొక్కచోటనే మరల పుట్టును.

చిన్న కారుదలకు ఇంత శ్రమ యేల యని కొందరడుగవచ్చును. కొయ్యలోని తేమ నూటికి 20 పాళ్ళకు లోబడియున్నంతకాలము అది సామాన్యముగా కుళ్ళదు. ఎడతెగక తడిసి ఆ తేమ 30 పాళ్ళకు చేరినపుడు కొయ్యను తిను బూజుజాతి శిలీంధ్రములు దానిలో పెరిగి, పట్టె ఆకారము చెడకుండగనే లోని బలమును హరించును. తడికొయ్యను చెదలును వెదకికొని వచ్చును. పైని నడచువారికి నేల కాలి క్రింద మెత్తబడువరకు ఇదేమియు తెలియదు.

అయినను సాహసము వేరు, తెలివి వేరు. నీరు నిలిచినచోటను, విద్యుత్తు తీగెలు వ్రేలాడుచోటను, మురుగు పారుచోటను పరీక్షకుడు లోనికి పోరాదు. 1976లో స్థాపింపబడిన అమెరికా గృహపరీక్షకుల సంఘపు నియమములును అపాయకరమైన పని చేయుమని వారిని నిర్బంధింపవు. అయితే తాను చూడలేకపోయిన భాగమును చూడలేదని అతడు తన నివేదికలో స్పష్టముగా వ్రాయవలెను. చూడనిదానిని బాగున్నదని వ్రాయుట ఇల్లు కొనువానిని మోసగించుటయే. ఉపాధ్యాయులు సయితము కాగితము విప్పకుండ మార్కులు వేయరు గదా!

మన యిండ్లకు పాకుడు చోటు లేదు. కాని గొట్టములు గోడలలోను గచ్చు క్రిందను దాగియున్నవి. విద్యార్థులు పెద్దల సహాయముతో నీ పరీక్ష చేయవచ్చును. రాత్రి అందరును పరుండిన తరువాత మోటారు కట్టివేసి, మేడమీది నీటి తొట్టిలోనికి వేరు నీరు రాకుండచేసి, కొలకర్రతో లోతు కొలిచి వ్రాసికొనుడు. తెల్లవారుజామున, ఎవరును నీరు వాడకమునుపే, మరల కొలువుడు. నీరు తగ్గినచో, మరునాటి రాత్రి తొట్టినుండి క్రిందికి దిగు గొట్టపు మరను మూసి చూడుడు. అప్పుడును తగ్గినచో లోపము తొట్టిలోనిది. తగ్గకున్నచో గొట్టములలోనిదో కుళాయిలలోనిదో యగును. మరుగుదొడ్డి నీటిపెట్టెలో కొంచెము రంగు కలిపి పది నిమిషము లాగుడు. ఎవరును నీరు వదలకుండగనే రంగు క్రింది పాత్రలో కనబడినచో, పెట్టె కారుచున్నదని తెలియును.

కారు కుళాయి క్రింద గిన్నె పెట్టి లెక్క కట్టుడు. గంటకు 100 మిల్లీలీటర్లు చేరినచో దినమునకు 2,400 మిల్లీలీటర్లు, సంవత్సరమునకు 876 లీటర్లు. అమెరికాలో సగటున ఒక్కొక్క కుటుంబపు టింటి కారుదలలవలన యేటేట 9,000 గాలనులకు పైగా, అనగా సుమారు 34,000 లీటర్ల నీరు, వృథా యగునని ఆ దేశ ప్రభుత్వపు పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కకట్టినది. వేసవిలో బిందెడు నీటికై కాచుకొనిన తల్లులకు ఆ మొత్తము విలువ మేము చెప్పనక్కరలేదు.

మా పూర్వ విద్యార్థి ఆ యిల్లు మానుకొని, మరుసటి యేట వేరొకటి కొనెను. ఈసారి పరీక్షకుడు లోనికి పాకునపుడు తానును ద్వారమువద్ద మోకరించి దీపము పట్టుకొనియుంటినని అతడు నవ్వుచు చెప్పెను. రంగు వేసిన గోడను ఎవరైనను చూతురు. ఇల్లు నిలుచునది దాని క్రిందనున్న పట్టెలమీద. వానిని చూచుటకు మోకాళ్ళకు మన్నంటక తప్పదు.