వీధిలో తగ్గినా వంటింట్లో తగ్గని దీపావళి
లెస్టర్‌లో ప్రవాస భారతీయుల పండుగ, సులభమైన కూర

దీపావళి నాడు భారతదేశంలో కార్యాలయాలకు, పాఠశాలలకు సెలవు. బ్రిటన్‌లో ఆ రోజు ప్రభుత్వ సెలవు దినం కాదు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు, పిల్లలు బడికి వెళ్లి చీకటి పడే వేళకు ఇల్లు చేరతారు. దీపాలు వెలిగించి, పూజ ముగించి, అందరూ కలిసి భోజనానికి కూర్చోవడానికి మిగిలేది రెండు మూడు గంటల వ్యవధి మాత్రమే. ఇంగ్లండ్ మధ్య భాగంలోని లెస్టర్ నగరంలో భారతీయ సంతతి కుటుంబాలు అర్ధ శతాబ్దికి పైగా ఈ కొద్దిపాటి వ్యవధిలోనే పండుగను నిలుపుకుంటూ వస్తున్నాయి.

రావద్దన్న నగరమే...

1972 ఆగస్టులో ఉగాండా నియంత ఇదీ అమీన్ తమ దేశంలోని ఆసియా సంతతి ప్రజలు 90 రోజులలో వెళ్లిపోవాలని ఆజ్ఞాపించాడు. ఇళ్లు, వ్యాపారాలు వదులుకుని సుమారు 28 వేల మంది బ్రిటన్ చేరుకున్నారు. వీరిలో గుజరాతీలు అధికం. తమ నగరంలో ఇళ్లకు, బడులకు కొరత ఉన్నందున అక్కడికి రావద్దని కోరుతూ లెస్టర్ పాలక మండలి ఆ సెప్టెంబరులో 'ఉగాండా ఆర్గస్' పత్రికలో ప్రకటన ఇచ్చింది. అయినప్పటికీ వేలాది మంది ఆ నగరాన్నే ఎంచుకున్నారు.

వారు తెరిచిన చీరల దుకాణాలు, నగల అంగళ్లు, మిఠాయి కొట్లతో బెల్‌గ్రేవ్ రోడ్డు 'గోల్డెన్ మైల్'గా పేరొందింది. 2021 జనాభా లెక్కల ప్రకారం లెస్టర్ వాసులలో 34 శాతం మంది భారతీయ సంతతికి చెందినవారే. ఒకనాడు రావద్దన్న నగర పాలక మండలే తర్వాతి కాలంలో ఏటా ఆ వీధికి దీపావళి దీపాలంకరణ చేయించడం గమనార్హం.

అయితే 2025లో ఈ వేడుకకు కోత పడింది. విపరీతమైన జనసమ్మర్దం వల్ల భద్రతకు ముప్పు వాటిల్లవచ్చుననే ఆందోళనతో బాణసంచాను, వేదికపై జరిగే కార్యక్రమాలను రద్దు చేశారు. దీపాలంకరణ మాత్రం మిగిలింది. వీధిలో జరిగే పండుగకు అనుమతులు, బడ్జెట్లు, బందోబస్తు అవసరం. ఇంట్లో జరిగే పండుగకు ఇవేవీ అక్కరలేదు. కానీ దానికి ఇంటివారి ఓపిక కావాలి. పండుగ మూడవ తరానికి అందేదీ లేనిదీ దానిపైనే ఆధారపడి ఉంటుంది.

పిల్లల చేతికి పని

గుజరాతీల దీపావళి ధనత్రయోదశితో మొదలై భాయి బీజ్ వరకు సాగుతుంది. అమావాస్య నాడు వ్యాపారులు లెక్కల పుస్తకాలకు పూజ చేస్తారు. మరునాడు వారికి నూతన సంవత్సరం. ఇన్ని రోజుల వేడుకను యథాతథంగా జరపడం ఉద్యోగస్తులకు సాధ్యం కాదు. కనుక పిండివంటలను ముందు వచ్చే శని, ఆదివారాలకు మార్చుకుని, పండుగ సాయంత్రానికి దీపం, పూజ, భోజనం మాత్రమే మిగుల్చుకోవడం అనుకూలమైన మార్గం.

మన కజ్జికాయలను పోలిన 'ఘూఘరా' తయారీలో పిల్లలకు కూడా పని ఉంటుంది. పెద్దలు పిండి వత్తితే, పిల్లలు పూర్ణం పెట్టి అంచులు మడతారు. మాతృభాషలో నాలుగు మాటలు వరుసగా మాట్లాడలేని పిల్లలకు సైతం ఆ మడత చేతికి వస్తుంది. వాకిట్లో ముగ్గు వేయడం, వత్తులు చేసి ప్రమిదలు సిద్ధం చేయడం కూడా ఈ కోవలోనివే. వినిపించిన కథ కన్నా చేసిన పని ఎక్కువకాలం గుర్తుంటుంది.

అరగంటలో కూర

రోజువారీ కూర విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి, టమాటాలను పసుపు, ధనియాల పొడి, కారంతో కలిపి నూనె తేలేవరకు వేయించి, చిన్న డబ్బాలలో శీతలీకరించి ఉంచుకుంటే వారమంతా పనికి వస్తుంది. ఉడికించిన సెనగలు కలిపితే ఒక కూర, పాలకూర కలిపితే మరొకటి. బంగాళాదుంప కూరకు ఈ మాత్రం ఏర్పాటు కూడా అవసరం లేదు. ఆవాలు, జీలకర్ర చిటపటలాడాక ముక్కలు వేసి, పసుపు, కారం, ఉప్పు చల్లి, కొద్దిగా నీరు పోసి మూత పెడితే అరగంటలోపే సిద్ధమవుతుంది.

బ్రిటిష్ వారికి కూర కొత్త కాదు. 1747లో అచ్చయిన హన్నా గ్లాస్ వంటల పుస్తకంలోనే కూర తయారీ విధానం ఉంది. బీహారుకు చెందిన దీన్ మహమ్మద్ 1810లో లండన్‌లో భారతీయ భోజనశాల తెరిచాడు. 1982లో బీబీసీ ప్రసారం చేసిన మధుర్ జాఫ్రీ కార్యక్రమం ఇంటి వంటను బ్రిటిష్ గృహిణులకు పరిచయం చేసింది. 1956లో కెన్యా నుంచి వచ్చిన పాఠక్ కుటుంబం ఇంటి వద్ద సమోసాల అమ్మకంతో ఆరంభించి, సీసాలలో మసాలా ముద్దల పరిశ్రమను నిర్మించింది. 2007లో ఆ సంస్థను ఒక బడా బ్రిటిష్ ఆహార సంస్థ కొనుగోలు చేసింది.

గుంటూరు నుంచి లెస్టర్ వరకు

సుగంధ ద్రవ్యాల ఉత్పత్తిలోను, ఎగుమతిలోను ప్రపంచంలో భారతదేశానిదే అగ్రస్థానం. మిర్చికి గుంటూరు, పసుపుకు నిజామాబాద్ పెట్టింది పేరు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. కాగా, 2024లో కొన్ని భారతీయ మసాలా పొడులలో ఇథిలీన్ ఆక్సైడ్ అనే రసాయనం బయటపడిందంటూ హాంకాంగ్ అమ్మకాలను నిలిపివేసింది. ఆ వెంటనే బ్రిటన్ సైతం తనిఖీలను కఠినతరం చేసింది. దూరదేశపు పండుగ భోజనంలోని నమ్మకం ఇక్కడి కల్లాలలోను, మరలలోను పాటించే శుభ్రతతో ముడిపడి ఉన్నదని ఈ ఉదంతం రుజువు చేసింది.

ఇటీవలి దశాబ్దాలలో బ్రిటన్ చేరిన తెలుగు కుటుంబాల ముందూ ఇదే ప్రశ్న ఉంది. తంగేడు, గునుగు దొరకనిచోట చామంతులతో బతుకమ్మ పేరుస్తున్నారు. ఉగాది పచ్చడిలోకి ఎండబెట్టిన వేప పువ్వును స్వదేశం నుంచి తెప్పించుకుంటున్నారు. వస్తువు మారినా ఆచారం కొనసాగుతుందని లెస్టర్ అనుభవం చెబుతున్నది. వంటింట్లో పిల్లల చేతికి పని దొరికినంత కాలం పండుగకు ఢోకా లేదు.