చిట్టి ట్రక్కు... గట్టి ఇంజిన్!

చూడ్డానికి బొమ్మ. ముట్టుకుంటే మాత్రం చురుక్కుమంటుంది. పొగ చిమ్ముతూ మట్టిదిబ్బ మీంచి అమాంతం ఎగిరి దూకుతుంది. అదే 'నైట్రో మాన్‌స్టర్ ట్రక్'. రిమోట్‌తో నడిచే ఈ బుల్లి రాక్షసిని మచ్చిక చేసుకోవడం ఓ సరదా, ఓ విద్య... ఓ బాధ్యత కూడా!

మొగల్తూరు అనగానే కృష్ణంరాజు, చిరంజీవి గుర్తొస్తారు. వెండితెరమీద హీరోగారి జీపు గాల్లోకి లేస్తే ఈలలు వేయనిదెవరు? అలాంటి జీపే నాలుగైదు కిలోల బరువుతో, మన చేతిలోని రిమోట్ చెప్పినట్టల్లా పేరుపాలెం ఇసుకలో దూసుకెళ్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అసలు మాన్‌స్టర్ ట్రక్కుల కథ అమెరికాలో మొదలైంది. బాబ్ చాండ్లర్ అనే ఆయన తన ఫోర్డ్ ట్రక్కుకు పెద్దపెద్ద చక్రాలు బిగించి 'బిగ్‌ఫుట్' అని పేరుపెట్టాడు. 1981లో దాన్ని పాత కార్లమీంచి తొక్కించేసరికి జనం వెర్రెత్తిపోయారు. ఆ మోజే బొమ్మల్లోకీ పాకింది. 1999లో ట్రాక్సస్ కంపెనీ 'టీ-మాక్స్' తెచ్చాక నైట్రో ట్రక్కుల హవా నడిచింది.

ఆముదంతో పరుగు

దీని ఇంజిన్ 2.5 సీసీ. ఒకప్పటి చేతక్ స్కూటర్ ఇంజిన్లో దాదాపు అరవయ్యో వంతు! అయినా నిమిషానికి 30 వేలకు పైగా తిరుగుతుంది. ఇంధనం పెట్రోలు కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, నూనెల మిశ్రమం. ఆ నూనెలో మన ఆముదానికీ చోటుంది. ఎంత వేడెక్కినా లోపలి భాగాలను ఒరుసుకోకుండా కాపాడటం దాని గొప్పదనం. నైట్రోమీథేన్ తనలోనే ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది కాబట్టి అంతే గాలితో ఎక్కువ ఇంధనం మండుతుంది, బలం పెరుగుతుంది.

స్పార్క్ ప్లగ్గుకు బదులు ఇందులో గ్లో ప్లగ్గు ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు చిన్న బ్యాటరీతో వేడిచేస్తే చాలు. ఆ తర్వాత మిథనాల్ తగిలి, అందులోని ప్లాటినం తీగ తనంతట తానే ఎర్రగా వెలుగుతూ ఉంటుంది.

దోసె పెనం పరీక్ష

కొత్త ఇంజిన్‌ను మొదటిరోజే దౌడు తీయించకూడదు. నాలుగైదు ట్యాంకుల ఇంధనం అయ్యేవరకూ నెమ్మదిగా నడపాలి. ఆ తర్వాతే ట్యూనింగ్. కార్బ్యురేటర్‌మీద ఉండే పెద్ద స్క్రూ వేగానికి, చిన్నది మెల్లగా నడిచేటప్పటి తీరుకు. కుడివైపు తిప్పితే ఇంధనం తగ్గుతుంది, ఎడమవైపు తిప్పితే పెరుగుతుంది. ఒక్కోసారి తిప్పాల్సింది చుట్టులో ఎనిమిదో వంతే... అంటే గడియారంలో పెద్దముల్లు ఏడెనిమిది నిమిషాలు జరిగినంత!

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ఇంధనం తగ్గించేకొద్దీ వేగం పెరుగుతుంది. ఇంకాస్త, ఇంకాస్త అనిపిస్తుంది. కానీ ఇంధనంతోపాటే నూనె కూడా తగ్గుతోందన్న సంగతి మరిచిపోతారు. ఫలితం... ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది. అందుకే పరుగెత్తేటప్పుడు వెనక సన్నటి పొగ చార కనిపిస్తూ ఉండాలి. ఇంజిన్ తలమీద ఓ నీటిచుక్క వేసి చూడండి. మూడు నాలుగు సెకన్లలో సన్నగా ఆవిరైతే సరే. కాలిన దోసె పెనంమీద వేసినట్టు చుయ్యిమని ఎగిరిపోతే వెంటనే ఆపేయాలి.

ముందు బ్రేకు... తర్వాత బలం

'పెద్ద ఇంజిన్ వేస్తే పోలా' అనుకుంటారు కుర్రాళ్లు. అప్పుడు గేర్లు అరిగి, ఇరుసులు విరిగి అసలుకే మోసం వస్తుంది. ముందు మార్చాల్సింది స్టీరింగ్ తిప్పే సర్వో మోటారు, రిసీవర్ బ్యాటరీ. దానికి 'ఫెయిల్‌సేఫ్' తప్పనిసరి. సిగ్నల్ తెగిపోతే అదే బ్రేకు వేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో బండి జనంలోకి దూసుకొస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ప్లాస్టిక్ భాగాలన్నీ తీసేసి అల్యూమినియంవి వేయాలనీ లేదు. ప్లాస్టిక్ వంగి దెబ్బ ఓర్చుకుంటుంది, గట్టి లోహం ఆ దెబ్బను పక్క భాగానికి అంటగడుతుంది.

ఇక మన డెల్టా గాలి సంగతి. మిథనాల్ తేమను పీల్చుకుంటుంది, డబ్బా మూత బిగించి ఉంచాలి. ఆట అయ్యాక ట్యాంకు ఖాళీచేసి, ఇంజిన్లో రెండు చుక్కల నూనె వేయాలి. సముద్రపు ఇసుకలో ఆడితే ఉప్పు వదిలేలా తుడవాలి. లేదంటే బేరింగులు తుప్పుపట్టిపోతాయి.

అమ్మానాన్నలూ... జర భద్రం!

మిథనాల్ విషం. కొద్ది చెంచాలు కడుపులోకి వెళ్లినా చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. కాబట్టి నీళ్ల సీసాల్లో పోసిపెట్టొద్దు. అది అంటుకుంటే పగటివెలుగులో మంట సరిగా కనిపించదు. పేలుడు పదార్థాల తయారీకి వాడతారన్న భయంతో యూరప్‌లో 2021 ఫిబ్రవరి నుంచి, నైట్రోమీథేన్ 16 శాతం దాటిన ఇంధనం సామాన్యులకు అమ్మడంపై ఆంక్షలు పెట్టారు. ఈ తలనొప్పులేవీ లేని బ్యాటరీ ట్రక్కులు ఇప్పుడు వేగంలోనూ నైట్రోను మించిపోయాయి.

మరి ఎందుకీ నైట్రో? బ్యాటరీ బండికి స్విచ్చు నొక్కితే చాలు, దీనికి చెవి పెట్టాలి. చేలకు నీళ్లు తోడిన ఆయిలింజను చప్పుడు వినే దాని జబ్బు చెప్పేసిన తాతలు గోదారి ఊళ్లలో తక్కువేం కాదు. మనవడి చేతిలో రిమోట్, తాత చేతిలో స్క్రూడ్రైవర్... ఈ ఆటకు అంతకంటే మంచి జట్టు ఉంటుందా!