ఐరోపా సరిహద్దులు దాటే సరకు వ్యాన్లు: లైసెన్సు నియమాల పరిశీలన

ఉపోద్ఘాతం

ఐరోపా సమాఖ్యలో రవాణా సంస్థకు లైసెన్సు అవసరమా, కాదా అన్నది చాలాకాలం 3.5 టన్నుల బరువు పరిమితిపై ఆధారపడింది. అంతకు మించిన లారీలకు సమాఖ్య నిబంధనలు వర్తించేవి. వ్యాన్లకు ఆ స్థాయిలో నిర్బంధం ఉండేది కాదు. దీనివల్ల వ్యాన్ల యజమానులు లారీ సంస్థలతో పోటీపడుతూనే, వాటికున్న బాధ్యతలకు వెలుపల ఉండగలిగారు. ఈ అసమానతను తగ్గించేందుకు 2020 జులైలో చట్టాన్ని సవరించారు. వ్యాన్లకు సంబంధించిన నియమాలు 2022 మే 21 నుంచి అమలులోకి వచ్చాయి.

వర్తింపు

వాహనం గరిష్ఠ బరువు 2.5 టన్నులు దాటడం, ఇతరుల సరకును కిరాయికి తీసుకువెళ్లడం, దేశ సరిహద్దు దాటడం అనే మూడు అంశాలు కలిసినప్పుడు లైసెన్సు తప్పనిసరి. ఇక్కడ బరువు అంటే ఆనాటి సరకు తూకం కాదు. ట్రెయిలర్ ఉంటే దానితో సహా, వాహనానికి అనుమతించిన గరిష్ఠ బరువు. వడ్రంగి తన పనికోసం సొంత పనిముట్లను పొరుగు దేశానికి తీసుకువెళ్తే ఈ లైసెన్సు అక్కరలేదు. అదే వ్యాన్‌లో మరొకరి బల్లలను కిరాయికి చేరవేస్తే కావాలి. బ్రిటన్ సమాఖ్యను వీడినప్పటికీ, వాణిజ్య సహకార ఒప్పందం మేరకు అక్కడి వ్యాన్లకూ అదే తేదీ నుంచి ఇటువంటి నియమాలే వర్తిస్తున్నాయి.

షరతులు

సమాఖ్య లైసెన్సుకు స్థిరమైన కార్యస్థానం, మంచి నడవడి, ఆర్థిక స్తోమత, వృత్తి నైపుణ్యం ఉండాలి. ఇటువంటి వ్యాన్లు మాత్రమే నడిపే సంస్థ మొదటి వాహనానికి 1,800 యూరోలు, తర్వాతి ప్రతి వాహనానికి 900 యూరోల చొప్పున మూలధనం చూపాలి. అంటే మూడు వ్యాన్లకు 3,600 యూరోలు. ఇది చెల్లించే రుసుము కాదు, సంస్థ వద్ద ఉండవలసిన నిధి. వృత్తి పరీక్షలో అర్హత పొందిన రవాణా నిర్వాహకుడు కూడా ఉండాలి. ఒకే వ్యాన్‌తో జీవించే యజమాని తానే ఆ అర్హత సంపాదించాలి, లేదా అర్హుడైన మరొకరిని నియమించుకోవాలి. చిన్న యజమానికి మూలధనం కంటే ఇదే పెద్ద భారం కావచ్చు.

ముగింపు

లైసెన్సు సంస్థను పరీక్షిస్తుంది; డ్రైవరు అలసటను కొలవదు. అందుకే ఈ వ్యాన్లలో డ్రైవింగ్ వేళలను నమోదు చేసే టాకోగ్రాఫ్‌ను 2026 జులై 1 నుంచి చట్టం తప్పనిసరి చేసింది. నాలుగున్నర గంటల డ్రైవింగ్ తర్వాత 45 నిమిషాల విరామం వంటి నియమాలు అప్పటి నుంచే వీటికి వర్తిస్తాయి. అంటే పోటీలో సమానత్వం కోసం చేసిన ఏర్పాటు డ్రైవరు విశ్రాంతికి చేసిన ఏర్పాటు కంటే నాలుగేళ్లు ముందుగా వచ్చింది. పైగా 2.5 టన్నుల లోపు వాహనాలు నేటికీ ఈ పరిధికి వెలుపలే ఉన్నాయి. సంస్కరణ పాత గీతను చెరపలేదు, కిందికి జరిపింది.